బలమొచ్చింది సరే, ఎవరికి అక్కరకొచ్చింది?

1994లో వానలు మొదలైన రోజులు. కాగజ్‌నగర్ పేపర్ మిల్లులో పొద్దుటి షిఫ్టు దిగివచ్చిన మా బాపు స్నానం చేసి, ఇంత బువ్వ తిని, నన్నూ చెల్లెనూ సైకిలెక్కించుకొని 'యమలీల' సినిమాకు తీసుకెళ్లాడు. నేను ముందు రాడ్డు మీద, చెల్లె వెనక క్యారియర్ మీద. నాకప్పుడు పదమూడేళ్లు. సినిమా నడిచినంతసేపూ హాలంతా నవ్వులే. తిరిగొచ్చేటప్పుడు చెల్లె నిద్రకు తూగుతుంటే బాపు సైకిల్ తొక్కకుండా, ఒక చేత్తో చెల్లెను పట్టుకొని నడిపించుకుంటూ వచ్చాడు. సినిమాలోలాగా రేపటి సంగతి చెప్పే పుస్తకం నా చేతికి దొరికితే ఏమేం చేస్తానో దారి పొడుగునా చెప్తూనే ఉన్నాను. అంతా విని ఆయన ఒక్క మాట అడిగాడు. "బలమొచ్చింది సరే బిడ్డా, ఎవరికి అక్కరకొచ్చిందది?"

ముప్పై ఏళ్లు దాటిపోయాయి. ఇప్పుడు ఇదే కాగజ్‌నగర్‌లో సర్కారు బడిలో తెలుగు చెప్తున్నాను. ఏ సినిమా చూసినా బాపు ప్రశ్నతోనే కొలుస్తాను. ఈ మధ్య ఒకనాడు తరగతిలో ఆ ప్రశ్ననే కొద్దిగా మార్చి పిల్లల ముందు పెట్టాను. "తెల్లారి లేచేసరికి మీకు భీముడంత బలం వచ్చింది. ఏం చేస్తారు? ఒక పేజీ రాయండి" అన్నాను. 38 మంది రాశారు. సగానికి పైగా పేజీల్లో కొట్టడమే ఉంది. ఏడిపించినవాణ్ని కొడతా, అన్నతో పంచాయితీ పెట్టుకున్నవాళ్లను కొడతా, ఒక్క గుద్దుకు పదిమందిని ఎగరేస్తా. ఎందుకు కొట్టాలో కూడా రాయనివాళ్లు కొందరు. నేను పిల్లల్ని తప్పుపట్టను. చూసిందే రాస్తారు. వాళ్లకు మనం చూపిస్తున్నదేమిటన్నదే నా బాధ.

ఒక మామూలు మనిషికి ఉన్నట్టుండి అతీతమైన బలం వస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్న మీద తెలుగు సినిమా ఒకప్పుడు చక్కని హాస్యకథలు అల్లింది. ఆ కథల్లో నవ్వు ఉంది, నవ్వు వెనక ఒక లెక్క ఉంది. ఇవాళ్టి మన తెర ఆ లెక్క మరిచిపోయింది. దాన్ని మళ్లీ గుర్తు చేసుకోవాలని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

'యమలీల'నే తీసుకోండి. ఎస్.వి. కృష్ణారెడ్డి దర్శకుడు, సంగీతమూ ఆయనదే. కథానాయకుడు అలీ. 'సీతాకోకచిలుక'లో బాలనటుడిగా చూసి, ఆ తర్వాత చిన్నచిన్న హాస్య పాత్రల్లో చూసిన అలీని నడిమధ్య నిలబెట్టి సినిమా తీశారు. అప్పటికే కృష్ణారెడ్డి 'రాజేంద్రుడు గజేంద్రుడు', 'మాయలోడు' తీసి ఉన్నారు. వీధి గారడీవాడు కూడా కథకు నాయకుడు కాగలడని చూపించిన దర్శకుడాయన. 'యమలీల'లో సూరజ్ అనే కుర్రవాడికి పొడుగు లేదు, కండ లేదు, చేతిలో పని లేదు. ఒకప్పుడు బాగా బతికిన తల్లి. ఆమె ముఖంలో సంతోషం చూడాలన్న కోరిక ఒక్కటే వాడికున్న ఆస్తి. మంజుభార్గవి ఆ తల్లి.

యమలోకంలో చిత్రగుప్తుడి చేతిలోంచి జారిన 'భవిష్యవాణి' పుస్తకం వచ్చి ఈ కుర్రవాడి ఇంటి మీద పడుతుంది. రేపు జరగబోయేది ఈ రోజే తెలిసిపోతుంది. కండబలం కన్నా పెద్ద బలం ఇది. రేపటి సంగతి ముందే తెలిసినవాణ్ని ఏ పహిల్వాను గెలుస్తాడు? సూరజ్ డబ్బు సంపాదిస్తాడు, తల్లి కోరిక తీరుస్తాడు. అవతల పుస్తకం పోగొట్టుకున్న యముడు, చిత్రగుప్తుడు శక్తులన్నీ ఉడిగి భూమి మీద తిరుగుతుంటారు. కైకాల సత్యనారాయణ, బ్రహ్మానందం. మూడు లోకాలను వణికించే యముడు ఐస్‌క్రీం రుచి మరిగి చిన్నపిల్లాడైపోతాడు. ఏమీ లేనివాడికి అంతా వచ్చింది, అంతా ఉన్నవాడికి ఏమీ లేకుండా పోయింది. ఆ తారుమారులోనే హాలంతా నవ్వింది.

ఆ నవ్వు మధ్యలోనే ఒక పేజీ తెరుచుకుంటుంది. తల్లి చావు దగ్గరలోనే ఉందని పుస్తకం చెప్తుంది. లోకంలో ఎవరికీ లేని బలం చేతిలో పట్టుకొని ఆ కొడుకు లోకంలో అందరికన్నా బలహీనుడైపోతాడు. ఆ క్షణంలో హాలు ఎలా నిశ్శబ్దమైందో నాకు ఇప్పటికీ గుర్తుంది. నా పక్కన బీడీ చేత్తో పట్టుకొని కూర్చున్న ఒక పెద్దమనిషి అది వెలిగించడం మరిచిపోయాడు. బలానికి హద్దు ఎక్కడుందో ఆ ఒక్క ఘట్టం చెప్పినంత తేటగా ఏ పాఠమూ నాకు చెప్పలేదు.

అక్కడ అలీ బదులు ఒక మహానటుడు ఉంటే ఆ ఘట్టం అంత తగిలేదా? తగిలేది కాదని నా నమ్మకం. 1980లో ఎన్టీఆర్‌తో 'సూపర్‌మేన్' వచ్చింది. ఆంజనేయుడి అనుగ్రహంతో అతీత బలం పొందినవాడి కథ. ఎన్టీఆర్ అంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. కానీ ఎన్టీఆర్‌కు కొత్తగా బలం రావడమేమిటి? తెర మీద ఆయన అడుగుపెట్టినప్పుడే రాముడు, కృష్ణుడు, భీముడు వెంట వచ్చేస్తారు. ఉన్న బలానికి బలం కలిపితే మనం చప్పట్లు కొడతాం, అంతే. లేనివాడికి బలం వచ్చినప్పుడే ఊపిరి బిగబట్టి చూస్తాం, ఈ పిల్లగాడు దీన్ని మోయగలడా అని.

అదే ఎన్టీఆర్ బలహీనుడిగా నటించినప్పుడు ఎంత గొప్పగా ఉంటుందో 1964 నాటి 'రాముడు భీముడు' చూడండి. డి. రామానాయుడు నిర్మాత, తాపీ చాణక్య దర్శకుడు, కథ డి.వి. నరసరాజుది. బావ కొరడాకు వణికిపోయే రాముడు ఒకవైపు, ఎవరికీ లొంగని భీముడు ఒకవైపు. ఇందులో వరం లేదు, మంత్రం లేదు. ఒకేలా ఉన్న ఇద్దరు చోట్లు మారారు, అంతే. భీముడు ఆ ఇంట్లోకి వచ్చి బావగా వేసిన రాజనాల చేతిలోని కొరడా లాక్కున్నప్పుడు కొట్టినవాడి గొప్ప మనకు గుర్తు రాదు. అన్నాళ్లు దెబ్బలు తిన్న రాముడి వీపు గుర్తొస్తుంది. అందుకే ఆ కథ ఎల్లలు దాటింది. తమిళంలో ఎం.జి.ఆర్., హిందీలో దిలీప్‌కుమార్ ఆ రెండు పాత్రలూ వేశారు. హిందీ 'రామ్ ఔర్ శ్యామ్'కు కూడా తాపీ చాణక్యే దర్శకుడు. భయపడేవాడి కథ అన్ని భాషలవాళ్లకూ సొంత కథే మరి.

నరసరాజు కలం నుంచే 1977లో 'యమగోల' వచ్చింది. దానికి ముందు 1960లో 'దేవాంతకుడు' ఉంది. ఈ రెంటికీ మూలం 1958 నాటి ఒక బెంగాలీ హాస్యచిత్రం. బతికున్న మనిషి యమలోకానికి వెళ్లి అక్కడ గోల చేయడం ఇతివృత్తం. కాగజ్‌నగర్ చుట్టుపక్కల బెంగాలీ కుటుంబాలు ఎప్పటినుంచో స్థిరపడి ఉన్నాయి. నాతో చదువుకున్న ఒక బెంగాలీ మిత్రుడు, వాళ్ల తాత ఈ కథ చెప్పి నవ్వేవాడని అంటుంటే నేను మురిసిపోయేవాణ్ని. వాళ్ల తాతా, మా బాపూ ఒకే కథకు నవ్వారన్నమాట.

'యమగోల'లో నాకు నచ్చేది, మా మిల్లు కాలనీలో అందరికీ నచ్చింది ఒకటే. యముడి ముందు నిలబడ్డ ఆ మనిషికి ఏ దేవుడూ వరం ఇవ్వలేదు. వాడు చేసిందల్లా యమభటులను కూడగట్టడం. యుగయుగాలుగా నోరు మూసుకొని పనిచేస్తున్నవాళ్లకు హక్కుల మాట చెప్పి సమ్మె చేయించాడు. యమలోకం ఆగిపోయింది. ఎర్రజెండాలు, గేటు మీటింగులు, యూనియన్ ఎన్నికలు రోజూ చూసిన ఊరు మాది. ఆ ఘట్టానికి మావాళ్లు నవ్విన నవ్వు వేరు. నవ్వుతూనే ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారని బాపు చెప్పేవాడు. అతీతశక్తి ఎక్కడినుంచో ఊడిపడనక్కర్లేదని, పక్కవాడి భుజంలోనే ఉందని ఒక హాస్యచిత్రం చెప్పడం చిన్న సంగతి కాదు.

మా ఊరు పుట్టిందే అలాంటి బలం మీద. కొత్తపేట అనే పల్లె పక్కన 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు మొదలైంది. 1942లో కాగితం బయటికొచ్చింది. కాగజ్ తయారయ్యే ఊరు కాబట్టి కాగజ్‌నగర్ అయింది. అడవిలోంచి వెదురు లారీల మీద దిగేది. అది గుజ్జయి, మిషన్ మీద తెల్లటి దుప్పటిలా పరుచుకొని, ఆరి, చివరికి రీలుగా చుట్టుకునేది. బాపు నన్నొకసారి ఆ రీలు ముందు నిలబెట్టి నూకమన్నాడు. రెండు చేతులూ పెట్టి నూకాను, అణువంత కూడా కదల్లేదు. "ఒక్కడు నూకితే కదలది. అందరు ఒక్కసారి పట్టాలె" అన్నాడు. బలం గురించి ఆయన నాకిచ్చిన రెండో పాఠం ఇది.

ఆ పాఠం నిజమని మా ఊరు తర్వాత కళ్లారా చూసింది. 1980ల్లోనే ఊళ్లోని సర్‌సిల్క్ మిల్లు మూతపడి ఉంది. 2014లో పేపర్ మిల్లు మిషన్లూ ఆగిపోయాయి. 2018లో మళ్లీ తిరిగేదాకా ఊళ్లో పొద్దు తెలిసేది కాదు. సైరన్ లేకపోతే టైం ఎంతయిందో మావాళ్లకు ఎలా తెలుస్తుంది? రేపేమవుతుందో చెప్పే పుస్తకం ఆ నాలుగేళ్లూ ఎవరి ఇంటి మీదా పడలేదు. అయినా బతికారు. మా వీధి కిరాణా ఆయన ఖాతా పుస్తకం మూసేయలేదు. అద్దె అడగకుండా ఊరుకున్న ఇంటి యజమానులున్నారు. ఒకరింట్లో పెళ్లి అంటే పది ఇళ్ల నుంచి బియ్యం వచ్చాయి. మిషన్ మీద నైపుణ్యం ఉన్న మనుషులు హోటళ్లలో, పొలాల్లో, దూరపు పట్నాల్లో వాచ్‌మన్లుగా పనిచేసి పిల్లల్ని చదివించారు. వాళ్లను మించిన అతీతశక్తి ఉన్న మనుషుల్ని నేను ఏ తెర మీదా చూడలేదు.

ఇక మా జిల్లా పేరులోనే ఒక భీముడున్నాడు, కుమ్రం భీం. 2022లో 'ఆర్ఆర్ఆర్'లో జూనియర్ ఎన్టీఆర్ భీం పేరుతో పులితో తలపడుతుంటే నేనూ చప్పట్లు కొట్టాను. అది కల్పిత కథ అని తీసినవాళ్లే చెప్పారు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ తర్వాత మా బడిలో ఒక పిల్లవాడు, "సార్, భీం పులిని పట్టేటంత బలమున్నోడు కాబట్టే గెలిచిండు" అన్నప్పుడు నాకు కష్టమనిపించింది. అసలు భీం ఒక గోండు రైతు బిడ్డ. ఊరు విడిచి వెళ్లి, చదువు నేర్చి, అస్సాం తేయాకు తోటల్లో కూలి చేసి తిరిగొచ్చినవాడు. జోడేఘాట్ కొండల్లో 12 గూడేలను ఒక్కటి చేసి, జల్, జంగల్, జమీన్ మీద హక్కు మాదన్నాడు. 1940లో నిజాం బలగాల తుపాకులకు బలయ్యాడు. ఆయన చేతులు మీ చేతులు, నా చేతులు లాంటివే. పన్నెండు ఊళ్లు ఆయన వెంట నడిచినందుకు ఆ చేతులకు బలం వచ్చింది. ఆ బలం ఎవరికి అక్కరకొచ్చిందో అడగాల్సిన పని లేదు, ఇక్కడి అడవిలో ఏ గూడేనికి వెళ్లినా చెప్తారు.

ఇప్పుడు మన పెద్ద సినిమాల సంగతి చూద్దాం. నాయకుడు మొదటి దృశ్యంలోనే కొండంత బలంతో దిగుతాడు. ఆ బలం ఎక్కడిదో చెప్పరు, ఎందుకో చెప్పరు. ఒక్క దెబ్బకు ఇరవై మంది గాల్లోకి లేస్తారు, జీపులు పల్టీలు కొడతాయి. వాడికి భయం లేదు, అప్పు లేదు, ఎదురుచూసే తల్లి ఉన్నా ఆమె పాటకో, ఏడుపుకో మాత్రమే. బలహీనత తెలియనివాడి బలంలో వింత ఏముంది? వింత లేనిచోట నవ్వు ఎక్కడిది? హాస్యనటుడు ఆ నాయకుడి పక్కన నిలబడి చెంపదెబ్బలు తినడానికే మిగిలాడు. ఒకప్పుడు కథ మధ్యలో నిలబడి మనందరి తరఫున బలాన్ని మోసినవాడు, ఇప్పుడు ఆ బలానికి మొదటి దెబ్బ తినేవాడయ్యాడు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మార్పు ఇది.

వినోదం వినోదమే, దానికి నీతి ఎందుకు తగిలిస్తావు మాస్టారూ అని నా తోటి ఉపాధ్యాయులే అంటుంటారు. నేను నీతి అడగడం లేదు. ఇంకా ఎక్కువ నవ్వు కావాలంటున్నాను. పాత హాస్యచిత్రాలన్నీ మేలిమి బంగారమని కూడా అనను. ఆడవాళ్లను, నల్లనివాళ్లను, లావుగా ఉన్నవాళ్లను కించపరిచి నవ్వించినవి వాటిలో చాలా ఉన్నాయి. అవి మనకు మళ్లీ వద్దు. కానీ మామూలు మనిషి చేతికి బలమిచ్చి, దాంతో వాడు పడే తంటాలకు నవ్వించి, చివరికి వాడి మంచితనం దగ్గర కంటతడి పెట్టించే కథ మనకు కావాలి.

ఈ కథ మనకే పరిమితమైనదీ కాదు. ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్ 1898లోనే ఒక కథ రాశాడు. అద్భుతాలు చేసే శక్తి ఒక సాదాసీదా గుమాస్తాకు వస్తుంది. తెలిసీ తెలియక వాడు భూమిని తిరగడం ఆపమంటాడు. క్షణంలో లోకమంతా చెల్లాచెదురవుతుంది. అన్నీ మునుపటిలాగే ఉండాలని, ఈ శక్తి తనకు వద్దని వాడు వేడుకుంటాడు. 1930ల్లో దాన్ని సినిమాగా కూడా తీశారు. ఎక్కడి ఇంగ్లండు గుమాస్తా, ఎక్కడి మన సూరజ్! ఇద్దరికీ తెలిసొచ్చింది మాత్రం ఒకటే. చేతికొచ్చిన బలం మనది కాదు, కొన్నాళ్లు దాచమని ఎవరో ఇచ్చిన సొమ్ము.

ప్రేక్షకులు మారిపోయారు, ఇప్పుడిలాంటివి ఎవరు చూస్తారు అని నిర్మాతలు అనుకుంటే అది పొరపాటు. 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ 'హను-మాన్' వచ్చింది. బాలనటుడిగా మనం చూసిన తేజ సజ్జా నాయకుడు. పల్లెలో చిల్లర దొంగతనాలు చేసుకునే బక్కపలచని కుర్రవాడికి అతీతబలం వస్తుంది. పెద్ద తారల సినిమాల మధ్య విడుదలై అది ఎంతగా ఆడిందో అందరికీ తెలుసు. మా పిల్లలు ఆ కుర్రవాడు తమలాంటివాడే అన్నట్టు చెప్పుకున్నారు. ముప్పై ఏళ్ల కింద అలీ గురించి నేను చెప్పుకున్నట్టే. ఆకలి ఉంది, వడ్డించేవాళ్లే తక్కువయ్యారు.

రామాయణంలో సముద్రం ఒడ్డున హనుమంతుడు ఊరకే కూర్చుని ఉంటాడు. తన బలం తనకే గుర్తు లేదు. జాంబవంతుడు వచ్చి, నీలో ఇంత ఉంది, లే అని చెప్పాకే కొండంత ఎదిగి సముద్రం దాటుతాడు. దాటింది తన కోసం కాదు, సీతమ్మ జాడ కోసం. సినిమా చేయాల్సిన పని జాంబవంతుడిదని నేను నమ్ముతాను. హాల్లో కూర్చున్న మామూలు మనిషికి వాడి బలం వాడికి గుర్తు చేయాలి, దాన్ని ఎవరి కోసం వాడాలో కూడా చెప్పాలి. మా బాపుకు 'యమలీల' ఆ పని చేసింది. అందుకే ఆయన నన్ను ఆ ప్రశ్న అడగగలిగాడు.

దర్శకులకు, రచయితలకు ఒక విన్నపం. షిఫ్టు దిగి సైకిల్ తొక్కేవాడికి, రైల్వే స్టేషన్లో చాయ్ అమ్మేవాడికి, బీడీలు చుట్టే అక్కకు ఒక్కసారి ఆ బలం ఇచ్చి చూడండి. వాళ్లు దాన్ని మోయలేక తడబడితే మేం కడుపునిండా నవ్వుతాం, నిలబడితే మాతోపాటు మా పిల్లలూ లేచి నిలబడతారు. తల్లిదండ్రులకూ ఒక మాట. ఈ ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకొని 'రాముడు భీముడు'నో, 'యమలీల'నో చూపించండి. అయిపోయాక మా బాపు అడిగిన ప్రశ్న అడిగి, వాళ్లు చెప్పేది ఓపికగా వినండి.

ఆ 38 పేజీల్లో ఒకటి నా దగ్గరే దాచుకున్నాను. వాగు అవతలి ఊరి నుంచి వచ్చే ఆడపిల్ల రాసింది. వానాకాలం పెద్దవాగు పొంగితే బడికి రావడం కుదరదట. భీముడంత బలం వస్తే తమ ఊరి పిల్లలను ఇద్దరిద్దరిని భుజాల మీద ఎక్కించుకొని వాగు దాటించి బడికి తెస్తానంది. కొట్టడం మాట ఒక్కచోట కూడా లేదు. ఆ పేజీకి నేను పదికి పది వేశాను.